వడకట్టిన మాటలు

ఆ వానాకాలం మా కురిడీ షెడ్డులో మాటలు ఆగిపోయాయి. తుఫాను హెచ్చరికలకీ, కరెంటు కోతలకీ, షావుకారు గారి గదమాయింపులకీ ఎన్నడూ ఆగనివి, చేతిలో పట్టేంత ఒక బూడిదరంగు డబ్బాకి ఆగిపోయాయి. ఆ డబ్బా తయారు చేసింది నా కూతురు.

షెడ్డు మలికిపురం దాటాక కాలవ గట్టున ఉంటుంది. షావుకారు సూర్యప్రకాశరావు గారిది. దింపిన కొబ్బరికాయని అటక మీద పోసి ఏడాది దాకా ఆరనిస్తే లోపలి నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి గుండులా చిప్ప నుంచి ఊడుతుంది. అదే కురిడీ. మగవాళ్ళు ఆరిన కాయని దించి పైనున్న పీచు డొక్క వలిచి ఇస్తారు. అటక కింద వరసగా కూర్చునే ఆడవాళ్ళం ఒక్కో కాయనీ చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాం. గుండు లొడలొడమని కొట్టుకుంటే పగలగొట్టే వాళ్ళ వైపు దొర్లిస్తాం. నీళ్ళ చప్పుడు వచ్చినా, అసలు చప్పుడే లేకపోయినా మళ్ళీ అటక మీదికే. తొందరపడి పచ్చిదాన్ని పగలగొడితే ఆ కాయ ఎందుకూ పనికిరాదు. ఒక చెవి కాయకీ, రెండో చెవి పక్కవాళ్ళ కబుర్లకీ ఇచ్చి ఇన్నేళ్ళూ గడిపేశాం.

నేను స్వతహాగా అనుమానం మనిషిని. మా ఆయన మస్కట్ నుంచి ఫోన్ చేసి కులాసాగా ఉన్నానంటే, పక్కన నిలబడి ఎవరు అనిపిస్తున్నారా అని ఆలోచిస్తాను. కూరగాయల మనిషి అడక్కుండా కొసరు వేస్తే ఇంటికొచ్చి సంచి బోర్లించి పుచ్చులు వెతుకుతాను. అందుకే ఆషాఢంలో ఓ సాయంత్రం షావుకారు గారు మా అందరికీ వేడి వేడి మిరపకాయ బజ్జీలు తెప్పించినప్పుడు నేను ముట్టుకోలేదు.

"తినండమ్మా, తినండి" అన్నారాయన, బజ్జీల పొట్లం తనే అందరి ముందుకీ జరుపుతూ. "రోజులు మారేయి. మనం కూడా కొత్తగా ఆలోచించాలి. మన సత్యవేణి కూతురు లక్ష్మీతులసి అమలాపురంలో ఇంజనీరింగు చదివింది కదా. కాయ ఆరిందో లేదో చెప్పే మిషను చేసిందంట. ఎక్కడికో ఎందుకు, ముందు మన షెడ్డులోనే పెట్టి చూడమన్నాను. మీక్కూడా ఏ ఆలోచనొచ్చినా నాకు చెప్పండి. మొహమాట పడొద్దు."

"ఆయ్" అన్నాం అందరం.

ఆ మాటకొస్తే ఆయన ఏం చెప్పినా మేం ఆయ్ అనే అంటాం. అర్థమైనా అంటాం, కాకపోయినా అంటాం. నన్ను కుదిపింది వేరే సంగతి. నా కూతురు ఏదో డబ్బా చేస్తోందని నాకు తెలుసు. ఇంట్లో వైర్ల చుట్టలు తొక్కకుండా నడవడం నాకు అలవాటైపోయింది కూడా. కానీ అది నా షెడ్డుకే వస్తోందని నాకు షావుకారు గారి నోటి నుంచి తెలిసింది. నా పక్కన కూర్చుని అన్నం తినే పిల్ల ఆ ఒక్క ముక్క ఎందుకు దాచిందా అని దారంతా ఆలోచించుకుంటూ ఇంటికి వెళ్ళాను.

"దాచలేదమ్మా. నీకు చెప్తే ముందే వద్దంటావని" అంది.

ఆ మాట నిజమే. అయినా అనుమానం పోలేదు.

డబ్బా వచ్చిన రోజు మా పిల్ల చుడీదారు చున్నీ నడుముకి బిగించి, టీచరమ్మలా మా మధ్య నిలబడింది. డబ్బాకి ముందు వైపు సన్నటి చిల్లులు, పైన ఒక ఎర్ర దీపం, ఒక పచ్చ దీపం ఉన్నాయి.

"ఇందులో మైక్ ఉంటుందండి. మీరు కాయని దీని ముందు ఊపితే ఆ సౌండ్ సిగ్నల్‌గా మారుతుంది. లోపల మోడల్ దాన్ని క్లాసిఫై చేస్తుంది. రెడీ అయితే గ్రీన్, లేకపోతే రెడ్. రిజల్ట్ షావుకారు గారి ఫోన్లో యాప్‌కి వెళ్ళిపోతుంది. సింపుల్ అండి."

"ఆయ్" అన్నాం.

సూర్యావతి మాత్రం ఊరుకోలేదు. నా పక్కన కూర్చునే మనిషి, నోరు కాస్త జోరు, మనసు మంచిది. "మరి మేం మాట్లాడుకునేవో తల్లీ? అవీ వింటదా?"

"అవి ఫిల్టర్ అయిపోతాయి పిన్నీ. దానికి కాయ చప్పుడు తప్ప ఇంకేం అక్కర్లేదు" అని నవ్వేసింది మా పిల్ల.

సూర్యావతి కూడా ఆయ్ అనేసింది. నేను మాత్రం ఆ ఫిల్టర్ దగ్గరే ఉండిపోయాను. మా ఇంట్లో ఫిల్టరంటే టీ వడకట్టే జల్లెడ. టీ గ్లాసులోకి దిగుతుంది, పిప్పి జల్లెడలో ఉండిపోతుంది. కాయ చప్పుడు దీపంలోకి దిగితే మా మాటల పిప్పి ఏ జల్లెడలో ఉంటుంది? అడుగుదామనుకున్నాను. కానీ అంతమంది ముందు నిలబడి మాట్లాడుతున్న పిల్లని తల్లే నిలదీస్తే ఏం బావుంటుందని నోరు మూసుకున్నాను.

మా మాటల్లో దాచాల్సినవేం ఉన్నాయని మీరడగొచ్చు. ఒకటుంది. పాపాయమ్మ గారి సంగతి.

మా అందరిలోకీ పెద్దావిడ. ఆవిడ పక్కన కూర్చునే నేను కాయ ఊపడం నేర్చుకున్నాను. ఏడాదిగా ఆవిడకి చెవులు మందగించాయి. గుండు కొట్టుకుంటున్నా వినపడక పక్కన పెట్టేసేది, నీళ్ళున్నదాన్ని పగలగొట్టడానికి పంపేసేది. షావుకారు గారికి తెలిస్తే ఇంటికి పొమ్మంటారు. ఇంట్లో తిండికి లోటు లేదు, కొడుకు బాగానే చూస్తాడు. "కానీ అక్కడ నేను ఓ మూల కుర్చీని. ఇక్కడికొస్తేనే మనిషిని" అనేది ఆవిడ. అందుకని ఆవిడ చూసిన బుట్టని నేనూ సూర్యావతీ మళ్ళీ ఓసారి చూసి పంపేవాళ్ళం. "పాపాయమ్మ గారి బుట్ట ఇటు తొయ్యి", "ఇందులో మళ్ళీ పచ్చివి పడ్డాయే" అని గట్టిగానే అనుకునేవాళ్ళం. ఆవిడకి ఎలాగూ వినపడదు కదా అని ధీమా.

డబ్బా వచ్చాక కూడా అలాగే అనుకున్నాం. శ్రావణం సగంలో షావుకారు గారు గొడుగు ముడుస్తూ లోపలికొచ్చి, నేరుగా పాపాయమ్మ గారి ముందు నిలబడ్డారు. గొంతు చాలా మెత్తగా ఉంది.

"ఎంతకాలం కష్టపడతావు పాపాయమ్మా? దసరా దాకా చేసి ఇంక ఇంటి పట్టున ఉండు. చెవులు కూడా సహకరించట్లేదాయె. సత్యవేణీ, సూర్యావతీ ఎన్నాళ్ళని నీ బుట్ట మళ్ళీ చూస్తారు చెప్పు?"

పాపాయమ్మ గారికి ఒక్క ముక్క వినపడలేదు. ఆయన మొహంలో దయ ఒక్కటే కనిపించింది ఆవిడకి. నిండుగా నవ్వింది.

"ఆయ్, అలాగేనండి" అంది.

ఆయన గొడుగు విప్పుకుని వెళ్ళిపోయారు. అందరూ డబ్బా వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు.

"నువ్వు చెప్పలేదు కదా?" అంది సూర్యావతి.

"నేనా? ఆవిడ సంగతి నేను చెప్తానా?"

"నువ్వు కాకపోతే నీ కూతురు."

"దానికి ఈ సంగతే తెలీదు."

"తెలీదని నీకెలా తెలుసు?"

ఆయన ఏమన్నారో పాపాయమ్మ గారి చెవిలో అరిచి చెప్పాల్సిన పని కూడా నాకే పడింది. ఆవిడ విని, చేతిలో ఉన్న కాయని కాసేపు ఊపకుండా పట్టుకుని కూర్చుంది. "అయితే నేను ఆయ్ అన్నానా?" అని మాత్రం అడిగింది. నాకు ఏడుపొచ్చేసింది.

ఆ రోజు నుంచి సూర్యావతి నా పక్కన క్యారేజీ విప్పలేదు. ఎన్నేళ్ళుగానో తన చేపల పులుసులో ముక్క నా అన్నంలో పడకుండా మధ్యాహ్నం గడిచేది కాదు. ఇప్పుడు నాకు వీపు పెట్టి తినేది. షెడ్డులో ఎవరూ నోరు విప్పడం లేదు. కాయల లొడలొడ ఒక్కటే. అన్ని కాయలు ఒకేసారి అంత స్పష్టంగా వినపడటం నేనెప్పుడూ ఎరగను. నాకు భయమేసింది.

ఇంటికొస్తే మా పిల్ల చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చునుంది.

"ఏం వింటన్నావు?"

"కాయలమ్మా. ఏ చప్పుడు ఎలా పడిందో చూసుకుంటన్నాను."

"అవి కాయలేనని నాకెలా తెలుస్తది?"

అది ఒక ఇయర్‌ఫోన్ తీసి నా చెవిలో పెట్టింది. లొడలొడ. కాయే. కానీ నాకిచ్చే ముందు దాని వేలు ఏదో నొక్కింది. నేను చూశాను. అంతకు ముందు ఏం మోగుతోందో ఎవరికెరుక?

"పాపాయమ్మ గారి సంగతి షావుకారికి ఎవరు చెప్పేరు?" అన్నాను.

అది నా వైపు తిరిగింది. "నన్నడుగుతున్నావా?"

"ఇంట్లో ఇంకెవరున్నారు అడగడానికి?"

"నేను చెప్పేననుకుంటున్నావా అమ్మా?"

లేదని ఒక్క మాట అనుంటే సరిపోయేది. నా నోటికి రాలేదు. "చారులో ఉప్పు వేసేవా?" అని అడిగాను. అది ల్యాప్‌టాప్ మూసేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఇంట్లో కూడా నాకు మాట పడిపోయింది. మా ఆయన ఫోన్ చేస్తే పెరట్లో అరటి పిలకల దాకా వెళ్ళి గొంతు తగ్గించి మాట్లాడేదాన్ని. "ఎవరైనా పక్కనున్నారా?" అని ఈసారి ఆయనే అడిగారు. సొంత కూతురిని అనుమానించడం తేలికేం కాదు. దానికి నచ్చిన కూర చేస్తూ, ఇదంతా తప్పయితే బావుండునని దేవుడికి దండం పెట్టుకుంటూ, అది స్నానానికి వెళ్ళగానే ఆ ల్యాప్‌టాప్‌ని గోడ వైపు తిప్పేసేదాన్ని.

ఓ రోజు మధ్యాహ్నం సూర్యావతి నా వైపు తిరక్కుండానే, పెదాలు కదిలీ కదలకుండా అంది. "దాని నోరు మూసేద్దాం."

"నోరు కాదు. చెవి" అన్నాను.

చాలా రోజుల తర్వాత మా ఇద్దరి మధ్యా నడిచిన మాటలవే. ఇంక ఆలస్యం చెయ్యలేదు. షెడ్డులో పీచుకి కరువా? మెత్తటి పీచు ఏరి, అరచేతిలో నలిపి సన్నగా పేని, తలపిన్నుతో డబ్బా ముందున్న ఒక్కో చిల్లులోనూ కూరాను. పని నీటుగా రావాలని కొనలు కూడా కత్తిరించాను. మా వాళ్ళందరికీ సైగ చేశాం. పాపాయమ్మ గారికి మాత్రం చెప్పలేకపోయాం. ఆవిడకి చెప్పాలంటే అరవాలి. అరిస్తే డబ్బా వింటుంది.

ఆ పూట నుంచి ఏ కాయ ఊపినా ఎర్ర దీపమే. షావుకారు గారి ఫోనులో అటకంతా పచ్చికాయేనని వచ్చిందట. దసరా సరుకు ఎగుమతి దగ్గర పడుతోంది. ఆయన హడిలిపోయి మా పిల్లకి ఫోన్ చేశారు. అది వానలో తడుస్తూనే స్కూటీ మీద వచ్చింది. డబ్బా చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. చిల్లుల్లో పీచు చూసింది. తల ఎత్తి ఇంకెవర్నీ చూడలేదు, నన్నే చూసింది.

"నేనే" అన్నాను.

దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అడగొచ్చు కదమ్మా."

"అడిగితే ఫిల్టరంటావు."

ఏం జరుగుతోందో పాపాయమ్మ గారికి తెలీదు. పిల్ల డబ్బాని కింద పెట్టగానే ఆవిడ తన మానాన తాను ఒక కాయ తీసి, డబ్బా నెత్తి మీద గట్టిగా ఆనించి ఊపింది. పచ్చ దీపం వెలిగింది. మేమందరం ఉలిక్కిపడ్డాం. ఇంకోటి తీసి ఆనించి ఊపింది. ఎరుపు. సూర్యావతి ఆ రెండు కాయలూ లాక్కుని చెవి దగ్గర ఊపి చూసింది. పచ్చ వెలిగింది గుండు ఊడినదే. ఎరుపు వెలిగిన దాంట్లో నీళ్ళున్నాయి.

మా పిల్ల కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది. "మామ్మ గారూ, అలా ఆనించి ఎందుకు ఊపుతన్నారు?" అని ఆవిడ చెవిలో అరిచింది.

"మొన్నట్నుంచీ దీనిక్కూడా నాలాగే చెవుడొచ్చినట్టుందమ్మా. దూరం నుంచి ఊపితే పలకట్లేదు. ఇప్పుడు దగ్గరగా పెట్టి చూసేను, పలికింది" అంది ఆవిడ.

అందరం నవ్వాం. ఎన్ని రోజులకి నవ్వామో. మా పిల్ల చెప్పులు విప్పేసి మా మధ్య నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఈసారి టీచరమ్మలా లేదు. అటకని మోస్తున్న తాటి స్తంభం చూపించి, "పిన్నీ, ఒక్కసారి దానికి చెవి ఆనించు" అంది సూర్యావతితో. తను వెళ్ళి స్తంభానికి అవతల పక్క కింద కూర్చుని గోటితో గీరింది.

"వినపడతందా?"

"ఓయమ్మో, చెవిలోనే గీరుతున్నట్టుంది" అంది సూర్యావతి.

"ఇప్పుడు చెవి తీసెయ్. ఇప్పుడో?"

"ఏం లేదు."

"అంతే. చప్పుడు గాల్లోంచి వస్తుంది, కర్రలోంచీ వస్తుంది. మీరు గాలి దారి మూసేసేరు. మామ్మ గారు కాయని డబ్బాకి ఆనించడంతో ఆ దెబ్బ ప్లాస్టిక్‌లోంచి నడిచి మైకుకి తగిలింది. మాట గాల్లోంచే కదా రావాలి. అది లోపలికి రాలేదు."

ఒక్కొక్కరూ లేచి స్తంభానికి చెవి ఆనించి చూశారు. నేనూ చూశాను. ఆ గోటి గీత నిజంగానే చెవిలో పడింది. నా కూతురు చెప్పింది నాకు మొదటిసారి అర్థమైంది. అర్థమయ్యాక ధైర్యం వచ్చింది, ధైర్యం రాగానే ఇన్నాళ్ళూ గొంతులో ఉన్న ప్రశ్న బయటికొచ్చింది.

"సరే. మరి గాల్లోంచి వచ్చిన మా మాటల్ని ఇంతకు ముందు వడకట్టేవు కదా. ఆ పిప్పి ఎక్కడుంది?"

"పిప్పంటూ ఏం ఉండదమ్మా, అది..." అని మొదలెట్టి ఆగిపోయింది. ఫోన్ తీసింది. బొటనవేలు పైకీ కిందికీ కదిలింది. దాని మొహం పాలిపోయింది.

"ఉంది" అంది.

ఫోన్ మా వైపు తిప్పింది.

"దీపం వెలిగించడానికి కాయ చప్పుడొక్కటే తీసుకుంటుంది. అది నిజమే. కానీ మొదట్లో చప్పుడు బాగా పడుతుందో లేదో చూసుకుందామని, పడిందంతా దాచమని పెట్టేను. తర్వాత అది తీసెయ్యలేదు. షావుకారు గారి యాప్‌లో కూడా ఉంది. కాయ పక్కన చిన్న బొమ్మ నొక్కితే అప్పుడు పడినదంతా వినొచ్చు."

"ఆయనకి నొక్కడం ఎవరు చూపించేరు?"

"నేనే. పక్కన కూర్చుని, ఒక్కోటీ నొక్కి చూపించేను."

"ఆయనకి అంత వివరంగా చెప్పేవు. మాకు ఫిల్టరన్నావు" అన్నాను. ఆ మాట దానికి తగలాలనే అన్నాను. తగిలింది. అప్పుడు నాకు దాని మీద జాలేసింది.

"నేను మామ్మ గారి గురించి ఎవరికీ చెప్పలేదమ్మా" అంది నెమ్మదిగా. "కానీ వినడానికి ఆయన చేతిలో పెట్టింది మాత్రం నేనే. ఆయన విన్నారో లేదో మనకి తెలీదు. ఆయనకంత తీరిక ఉంటుందా?"

వానాకాలంలో తన ఇంటి వరండాలో కూర్చునే ఆయనకున్నంత తీరిక మా మండలంలో ఇంకెవరికీ ఉండదు.

"మమ్మల్ని వినలేనిది ఒకటి చెయ్యి. అప్పుడు ఊపుతాం" అన్నాను.

"ఆయ్" అన్నారు అందరూ. ఆ ఆయ్ మొహమాటంది కాదు.

ఆ తర్వాత కొన్నాళ్ళు మా పిల్ల మకాం అటక కిందే. మైకు పీకేసింది. పిల్లల బొమ్మల్లో మోగే పల్చటి ఇత్తడి బిళ్ళ లాంటిది తెచ్చి, దెబ్బ తగిలితేనే పలుకుతుందని మా వేళ్ళతో తట్టించి చూపించింది. దాని మీద కాయ జారకుండా ఎలా నిలబెట్టాలో మా పిల్లకి తోచలేదు. సూర్యావతి ఒక అరచిప్ప తీసుకుని బోర్లించబోయి, మళ్ళీ వెల్లకిలా పెట్టి, "కాయకి ఇంతకంటే నప్పే పీట ఇంకేంటుంటది" అంది. చిప్ప అడుగున ఆ బిళ్ళ అతికించారు. కిందనుంచి నేల అదురు తగలకుండా ఏదైనా మెత్తగా ఉండాలంటే, నేను మా ఇంట్లో సాగిపోయిన కుక్కరు రబ్బరు పట్టుకొచ్చాను. దీపాలు ముందు వైపుంటే మెడ వంచాల్సి వస్తోందని పాపాయమ్మ గారు అంటే, మా పిల్ల వాటిని ఒక పుల్లకి కట్టి కళ్ళకి ఎదురుగా నిలబెట్టింది. అది కుదరలేదు, పడిపోయింది. మళ్ళీ కట్టింది.

"ఇందులో దాచుకునే చోటు కూడా తీసేసేను. దీపం వెలిగేక అంతా పోతుంది. యాప్‌కి ఎన్ని పచ్చ, ఎన్ని ఎరుపు అన్న లెక్క తప్ప ఇంకేం వెళ్ళదు" అంది.

"అరిస్తేనో?" అన్నాను నేను.

"బాగా దగ్గరగా అరిస్తే ఏదో గుయ్యిమని అదురుద్దేమో. మాటగా మాత్రం పట్టదు. కావాలంటే చూడండి."

ఇయర్‌ఫోన్స్ డబ్బాకి తగిలించి నా చెవుల్లో పెట్టింది. సూర్యావతి నడుముకి చెంగు దోపుకుని చిప్పకి ఎదురుగా నిలబడింది. శ్రావణం నుంచి కడుపులో దాచుకున్నదంతా తీసింది. షావుకారు గారిని, ఆయన బజ్జీలని, ఆయన మెత్తటి గొంతుని, నన్ను, నా కూతురిని, ఎవర్నీ వదల్లేదు. ఆవిడ నోరు కదలడం చూస్తున్నాను, మెడనరాలు ఉబ్బడం చూస్తున్నాను. నా చెవుల్లో దూరంగా బోదురుకప్ప అరిచినట్టు ఏదో మూలిగింది. అంతే. తర్వాత పాపాయమ్మ గారు కాయ పెట్టి ఊపితే గుండు కొట్టుకోవడం నా తలలోనే జరిగినట్టుంది.

నేను ఇయర్‌ఫోన్స్ తీసి సూర్యావతికి ఇచ్చాను. "నువ్వు తిట్టినవేవీ నాకు వినపళ్ళేదు" అన్నాను.

"అయ్యో, నీ గురించి మంచివి కూడా రెండున్నాయే" అంది. ఆ మధ్యాహ్నం చేప ముక్క నా అన్నంలో పడింది.

దసరా ముందు షావుకారు గారికి చూపించాం. ఆయన మళ్ళీ బజ్జీలు తెప్పించారు. పాపాయమ్మ గారు చిప్పలో కాయ పెట్టి ఊపుతుంటే, దీపం వెలిగిన కాయల్ని ఆయనే స్వయంగా పగలగొట్టించి చూశారు. ఒక్కటీ తప్పు పోలేదు. "భేష్" అన్నారు. "ఇదీ కావాల్సింది! అందరూ కలిసి ఆలోచిస్తే ఇలాగుంటది" అన్నారు. మా పిల్ల భుజం తట్టారు. తర్వాత ఫోన్ తీసి, కళ్ళజోడు సర్దుకుని, స్క్రీన్ మీద వేలితో ఒకటికి నాలుగుసార్లు నొక్కారు.

"అమ్మాయ్, ఇక్కడ చిన్న బొమ్మ ఉండేది కదమ్మా, నొక్కితే వినపడేది. అదేంటి, కనపట్టం లేదు?"

"తీసేసేనండి" అంది లక్ష్మీతులసి. "ఇది కాయనే వింటుందండి."

"అంటే ఇంక మాటలు పడవా?"

ఆ మాట ఆయన చాలా మామూలుగా అడిగారు. అడిగాక ఫోన్ మీంచి తలెత్తారు. అందరం ఆయన్నే చూస్తున్నాం. కాయలు ఊపే చేతులు కూడా ఆగిపోయాయి.

పాపాయమ్మ గారికి చేతులు ఆగడం ఒక్కటే కనిపించింది. "ఏవంటన్నారు?" అని అడిగింది.

సూర్యావతి ఆవిడ చెవి దగ్గరకి వంగింది. అక్కర్లేనంత గట్టిగా అరిచింది. "మన మాటలు ఆయనకి ఇంక వినపడవా అని అడుగుతున్నారండి!"

షావుకారు గారు ఫోన్ జేబులో పెట్టుకున్నారు. జేబు ఒకటికి రెండుసార్లు తడుముకున్నారు. "బజ్జీలు చల్లారిపోతన్నాయి, తినండి" అన్నారు.

పాపాయమ్మ గారు ఆయన వైపు తిరిగి చేతులు జోడించింది. "నాకు దీపం బాగా కనపడతందండి. దసరా వెళ్ళేక రావచ్చాండి?"

అంతమంది ముందు ఆయన ఇంకేమంటారు? "రావచ్చమ్మా, రావచ్చు" అన్నారు. ఈసారి ఆవిడ పెదాలు చూసే అర్థం చేసుకుంది. "ఆయ్" అంది. నేను ఒక బజ్జీ తీసుకుని తిన్నాను. బాగానే ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో మా పిల్ల చారు గిన్నె దించి, గరిటె చేతిలోనే పట్టుకుని నా ముందు నిలబడింది.

"అమ్మా, ఆ రోజు అడిగేను. నువ్వు జవాబు చెప్పలేదు. నేనే షావుకారికి చెప్పేననుకున్నావా?"

అబద్ధం చెప్పడానికి వీల్లేని మొహం పెట్టుకుని చూస్తోంది. "అనుకున్నాను" అన్నాను.

"నేనూ అనుకున్నాను" అంది.

"ఏమని?"

"నువ్వే ఆయన దగ్గర నోరు జారేవని. ఆయనకి ఎవరు చెప్పేరని నువ్వు నన్నడిగిన రోజు నుంచీ అదే అనుకున్నాను. నీ ఫోన్ కూడా చూసేను, ఆయనకేమైనా కాల్ చేసేవేమోనని."

నాకు కోపం రావాలి. రాలేదు. పెరట్లో అరటి పిలకల దగ్గర నేను గుసగుసలాడుతుంటే ఇది వంటింటి కిటికీలోంచి చూస్తూ నిలబడి ఉంటుంది. ఇద్దరం ఒకే ఇంట్లో ఒకళ్ళనొకళ్ళం కాపలా కాసుకున్నాం. దాని చేతిలోంచి గరిటె తీసుకుని, దాన్ని దగ్గరికి లాక్కున్నాను. అది నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. చారు చల్లారిపోయింది.

భోజనాలయ్యాక బల్ల మీద కొత్త వైర్లు, కొత్త డబ్బా కనిపించాయి.

"ఇదేంటి?" అన్నాను.

"అటక మీద చెమ్మ ఎంతుందో చూసేది. ఇంకా చెయ్యాలి."

"వింటదా?"

"వినదమ్మా."

"చూస్తదా?"

"చూడదు."

"పిప్పి ఎక్కడికి పోద్ది?"

అది విసుక్కోలేదు, నవ్వలేదు కూడా. నాకు కుర్చీ లాగి, దీపం దగ్గరగా జరిపి, డబ్బా మూత విప్పి నా చేతిలో పెట్టింది. మొదట్నుంచి చెప్పడం మొదలెట్టింది.